అద్దం ఎవరి వైపు

ఓరి నాయనో, ఊడి చేతిలోకే వచ్చేసింది. బిగిద్దామనే కదా కూర్చున్నాడు, వేలెడంత కీ తీసుకుని వెనక మరలో దూర్చి ఇంకొక్క పావు చుట్టు, ఇంకొక్క పావు చుట్టు అని తిప్పాడు, టిక్కుమని చిన్న చప్పుడు, అంతే, కారు లోపలి అద్దం కాడతో సహా, కాడ చివర ముందు గాజుకి అంటుకుని ఉండాల్సిన ఇనప బిళ్లతో సహా, అతని అరచేతిలో వెల్లకిలా పడి కారు పైకప్పు చూపిస్తోంది. తొమ్మిదీ అయిదు. పదిన్నరకి ఆమెకి డ్రైవింగ్ పరీక్ష. వాకిట్లో నిలబెట్టిన కారులో అతను, ఇంట్లో అతని భార్య, మధ్యలో తెరిచిన కిటికీ, ఆ కిటికీలోంచి ఆమె వల్లె వేయడం వినిపిస్తోంది, సీటు, బెల్టు, అద్దం, గేరు, మళ్లీ సీటు, బెల్టు, అద్దం, గేరు. ఇరవై రెండేళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషి, సూది గుచ్చేముందు మందు పేరు మూడుసార్లు చదువుకునే మనిషి, దేన్నయినా అలాగే నేర్చుకుంటుంది. ఆ మూడో మాట వచ్చినప్పుడల్లా అతనికి మెడ వెనక చెమట పడుతోంది. చలికాలం పొద్దున చెమటేమిటి? డిపోలో ఇతన్ని అందరూ నిదానం అనేవారు, అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా బతికి లేదు, ఇరవై ఎనిమిదేళ్లు బస్సు నడిపి ఒక్క కోడిపిల్లనైనా తొక్కించని మనిషి అని ఆ పేరు పెట్టారు. ఆ నిదానం ఇవాళ ఎక్కడికి పోయిందో మరి, ఆ పావు చుట్టు దగ్గర ఆగొద్దూ?

సరే, ఏడుస్తూ కూర్చుంటే అతుక్కోదు. అతికించాలంటే జిగురు కావాలి, జిగురు ఉంది, అదే కదా అసలు రోగం. డ్యాష్‌బోర్డు అరలో, బండి కాయితాల వెనక, తుడిచే గుడ్డ కింద దాచిన అట్ట, ఆ అట్టకి ఒక కీ, ఒక జిగురు ట్యూబు, చిటికెన వేలంత మందు సీసా కలిపి బిగించి ఉండేవి, ఇందాకే కీ కోసం అట్ట చింపాడు, మిగతా రెండూ సీలు విప్పకుండా అలాగే ఉన్నాయి. ఇది కొని మూడు వారాల పైనే అయింది. అంటే పోయిన పరీక్షకి రెండు రోజుల ముందు కొన్నది. అంటే ఆమె తప్పిన రోజు కూడా ఇది ఇదే అరలో, ఆమె మోకాలికి జానెడు దూరంలో ఉంది. ఆ ఆలోచన రాగానే అతను అట్ట మీది అక్షరాల మీదికి పారిపోయాడు, చెయ్యి బారుగా చాపి, పనిచేసే కన్ను చికిలించి చదివాడు, గాజు శుభ్రంగా ఉండవలెను, చల్లగా ఉండరాదు, ముందు మందు రాసి ఆరనివ్వవలెను, పిదప ఒక చుక్క జిగురు, నిమిషం పాటు కదలకుండా నొక్కవలెను, అర గంట వరకు అద్దం తగిలించరాదు. అర గంట! తొమ్మిదిన్నరకి అతికిస్తే పదికి తగిలించాలి, పదీ పదికి బయల్దేరాలి. గాజు మీద చెయ్యి పెట్టి చూశాడు, ఐసులా ఉంది.

దిగి ఇంట్లోకి వెళ్లి వెతికితే స్నానాల గదిలో అరిగిపోయిన సబ్బు ముక్క ఒకటి దొరికింది. కారు ముందుకి వెళ్లి, గాజుకి బయట వైపున, లోపల బిళ్ల ఊడిన మచ్చ చుట్టూ సబ్బుతో గీత గీశాడు. ఇది డిపో మేస్త్రీ నేర్పిన పని, లోపల గీస్తే తుడిచేటప్పుడు చెరిగిపోతుందిరా, బయట గియ్యి, నీ గుర్తు నీకు ఉంటుంది అనేవాడు. గీత గీసి, అదే చోట బయటి నుంచి రెండు అరచేతులూ ఆనించి నిలబడ్డాడు, గాజు కాస్త వేడెక్కాలి కదా. వీధిలో పోయేవాడెవడైనా చూస్తే కారుకి దణ్ణం పెడుతున్నాడనుకుంటాడు. గాజులోంచి లోపల ఖాళీ డ్రైవరు సీటు కనిపిస్తోంది, ఆ సీటు ఇప్పుడు ముందుకి జరిపి ఉంది, ఆమె కాళ్లకి సరిపడా, ఆర్నెల్లుగా అంతే. బస్సులో అతని సీటు వెనక్కి ఉండేది, దాని పైన బారెడు అద్దం, అందులో బస్సు బస్సంతా కనిపించేది, నిద్రపోతూ పక్కవాడి భుజం మీద వాలేవాళ్లు, పోట్లాడుకుని చెరో కిటికీలోకి చూసే మొగుడూ పెళ్లాలు, టికెట్టు తప్పించుకుందామని వెనకే నక్కే పెద్దమనుషులు. మూడో సీట్లో కిటికీ పక్కన ఒకమ్మాయి, తెల్లకోటు మడిచి ఒళ్లో పెట్టుకుని, పుస్తకంలో ఏవో ఎముకల పేర్లు పెదాలతో చదువుకుంటూ. నర్సింగు స్కూలు దగ్గర దిగేది. అద్దం కొంచెం, ఒక్క వేలంత, పక్కకి తిప్పితే మూడో సీటు నిండుగా కనిపించేది. తిప్పాడు. నెల రోజులు తిప్పాడు. పొడుగు కండక్టరు టికెట్ల డబ్బా మీద టకటకా కొడుతూ బస్సంతా వినేలా అడిగాడు, "ఏరా నిదానం, ఆ అద్దం రోడ్డుకా, మూడో సీటుకా?" బస్సంతా నవ్వింది, ఆ అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తి సూటిగా అద్దంలోకి చూసింది, ఇతనికి తలకొట్టేసినట్టయింది. సిగ్గుపడాల్సింది ఆమె కదా, సిగ్గుపడలేదు, చూసింది. ఇప్పటికీ అంతే, చూస్తుంది, ఏమీ అనదు, చూస్తుంది.

అరచేతులు మొద్దుబారాయి. తొమ్మిదీ పద్దెనిమిది. లోపలికి వచ్చి బ్లేడుతో పాత జిగురు గోకుతున్నాడు, గోకిన చోట వేలు పెట్టి చూడాల్సి వస్తోంది, ఎందుకంటే ఒంటి కన్నుకి దూరం తెలియదు, బ్లేడు గాజుకి తగిలిందో ఇంకా వెంట్రుకవాసి ఉందో చేతికి తెలియాలి తప్ప కంటికి తెలియదు. రెండో కన్ను అలాగే ఉంది చూడటానికి, నిక్షేపంగా, ఎవరితోనూ చెప్పకపోతే ఎవరికీ తెలియదు, అతనూ అలాగే చెప్పకుండా నెట్టుకొచ్చాడు. కంటి డాక్టరు నరం ఎండిపోయిందన్నాడు, ముందే రావాల్సింది అన్నాడు, అందరూ అనే మాటే. బస్సు లైసెన్సు పోయింది, డిపో వాళ్లు దండ వేసి పంపించేశారు, కారు నడపొచ్చులే, మెల్లగా నడిపితే ఏమవుతుందిలే అనుకున్నాడు. ఒక పొద్దున ఆమెని డ్యూటీకి దింపాలని ఇక్కడే, ఈ వాకిట్లోంచే, కారు వెనక్కి తీస్తున్నాడు, అద్దంలో చూశాడు, గేటు ఉంది, గోడ ఉంది, ఖాళీ ఉంది, వెనక్కి వదిలాడు, డిక్కీ మీద దబ్ దబ్ మని రెండు చరుపులు. బ్రేకు. దిగి చూస్తే ఆమె, సంచీ కింద పడి, ఒక మోకాలు బంపరుకి ఆనుకుని, రెండు చేతులూ డిక్కీ మీద ఆనించి నిలబడి ఉంది. అరవలేదు. తిట్టలేదు. చెయ్యి చాపింది, తాళాలు ఇమ్మని. మోకాలు నల్లబడి పదిహేను రోజులు కుంటింది, ఆసుపత్రిలో మెట్ల మీద జారానని చెప్పింది, కూతురు ఫోన్ చేస్తే దానితోనూ అదే చెప్పింది. ఈ కారు నేను నేర్చుకుంటానండీ అని మాత్రం అంది. ఒక్క ముక్క. అతను ఆ రోజు తన లైసెన్సు తీసి బీరువాలో బట్టల కింద పెట్టేశాడు, కాయితం బతికే ఉంది, కన్నే లేదు.

గాజు తుడిచాడు, మందు రాశాడు, ఘాటు వాసన, ఆరాలి. ఆరేలోపు ట్యూబు మూత సూదితో పొడిచాడు, అట్ట మీద ఒక చుక్క అన్నారు, పడింది రెండు చుక్కలంత, ఛ, పోనీ, బిళ్లని వేళ్లతో పట్టుకుని బయటి సబ్బు గీతల మధ్యకి తెచ్చి ఆనించి బొటనవేలితో నొక్కాడు. ఒకటి, రెండు, మూడు. నిమిషమంటే అరవై. సాయంత్రాలు ఆరింటికి వాళ్లు బయల్దేరేవారు, ఆమె డ్రైవరు సీట్లో, అతను పక్క సీట్లో, నేర్చుకునేవాళ్లతో బండిలో లైసెన్సున్నవాడు ఒకడు ఉండాలని నియమం. పద్నాలుగు, పదిహేను. క్లచ్ మెల్లగా వదులు, మెల్లగా అంటే అది కాదు, ముందు చూడు, వెనక చూడు. రోజు మొత్తంలో అతను డ్రైవరుగా ఉండేది ఆ ఒక్క గంటే, మిగతా ఇరవై మూడు గంటలూ కుర్చీలో కూర్చున్న మనిషి. ఇరవై ఒకటి. పక్క సీట్లో కూర్చున్నా వెనక ఏం వస్తోందో చూడకుండా ఉండలేడు, ఇరవై ఎనిమిదేళ్ల అలవాటు ఊరికే పోతుందా, చెయ్యి దానంతటదే లేచి అద్దాన్ని తన వైపుకి తిప్పేసేది. ఆమె మళ్లీ తన వైపుకి తిప్పుకునేది. ఇతను మళ్లీ. కిమ్మనకుండా ఆమె మళ్లీ. ఆర్నెల్ల పాటు, సాయంత్రానికి పాతికసార్లు, అటూ ఇటూ తిప్పగా తిప్పగా మర వదులైపోయింది, గతుకు వచ్చినప్పుడల్లా అద్దం తల వాల్చేసేది. ముప్పై మూడు, లేక నలభై మూడా? లెక్క పోయింది. ఆ వదులు అతనికి తెలుసు, బిగించాలనే వెళ్లి ఆ అట్ట కొన్నాడు కూడా, తెచ్చి అరలో పెట్టాడు, రేపు బిగిద్దాం అనుకున్నాడు, మర్నాడు సాయంత్రం మళ్లీ రేపు అనుకున్నాడు, ఆ రేపు పరీక్ష.

అప్పుడు చూశాడు, బిళ్ల. సన్నటి కొస కిందికి ఉంది. కారులో అద్దం కాడ పైనుంచి జారి బిళ్ల మీద కూర్చుంటుంది, సన్న కొస పైకి ఉండాలి, బస్సులో అయితే కాడ కిందినుంచి ఎక్కుతుంది, అక్కడ కొస కిందికే, ఇరవై ఎనిమిదేళ్ల చెయ్యి బస్సు అనుకుని అతికించేసింది. ఇలాగే ఎండితే అద్దం నిలబడనే నిలబడదు, కొంప మునిగినట్టే. పట్టుకుని లాగాడు, రాలేదు, గోరు దూర్చి మెలితిప్పాడు, గోరు విరిగింది, బిళ్ల వచ్చింది, దాని వెనక తీగలా సాగుతూ జిగురు. మళ్లీ బ్లేడు. మళ్లీ గుడ్డ. మళ్లీ మందు, సీసా అడుగున ఉన్నది తిరగేసి దులిపితే వచ్చినంత. తొమ్మిదీ ఇరవై తొమ్మిది. కిటికీలో వల్లె ఆగిపోయింది. ఆగిపోతే ఇంకా భయంగా ఉంది. ట్యూబుని తోక నుంచి మడుస్తూ మడుస్తూ నొక్కాడు, రా తల్లీ, పుణ్యం కట్టుకో, ఒక్క చుక్క, వచ్చింది, కచ్చితంగా ఒక్క చుక్క. బిళ్ల కొస పైకి ఉందని వేలితో తడిమి, సరిపోక పెదవికి ఆనించి కూడా చూసుకున్నాడు, అప్పుడు పెట్టాడు. ఈసారి ఏమీ ఆలోచించకూడదు, ఒట్టి అంకెలు. ఒకటి, రెండు, మూడు, అరవై దాకా వెళ్లి, నమ్మకం లేక ఇంకో అరవై లెక్కపెట్టాడు. వేలు తీశాడు. బిళ్ల ఉంది. తొమ్మిదీ ముప్పై మూడు.

ఇక అర గంట చేతులు ముడుచుకుని కూర్చోవాలి, అదే కష్టం. వెయ్యి పనులు చెయ్యమను, చేస్తాడు. ఊరికే కూర్చోమంటే ఆ రోజు వస్తుంది. ఆ రోజు పరీక్ష మైదానం కంచె బయట అతను నిలబడ్డాడు, కారులో ఆమె, పక్కన ఇన్‌స్పెక్టరు, అట్టకి కాయితం తగిలించుకుని. ముందుకి బాగా వెళ్లింది, మలుపు బాగా తిప్పింది, అతను కంచె ఊచల్ని పట్టుకుని తన కాళ్లతో తనే క్లచ్ తొక్కుతున్నాడు. తర్వాత గతుకు. కంచె బయటి నుంచి అద్దం కనిపించదు, అయినా అతనికి కనిపించింది, తల వాల్చేసిందని. ఆమె వెనక్కి తీస్తోంది, తీస్తూ ఆగింది, మళ్లీ తీసింది, కొయ్యగుంజ పడిపోయింది. వెనక చూసుకోలేదు అని రాశాడు ఇన్‌స్పెక్టరు. ఇంటికొచ్చేటప్పుడు కారు తోడొచ్చిన పక్క వీధి ట్యూషన్ మాస్టారు నడిపాడు, ఆమె వెనక సీట్లో కూర్చుని అంది, "అద్దంలోకి చూస్తే నా చేతులే కనిపించాయండీ, వణుకుతూ. వెనక ఏముందో చూడాలని తోచలేదు. నాకు రాదేమోలెండి ఇది." అప్పుడు చెప్పాలి. చేతులు కనిపించాయంటే అద్దం ఒళ్లోకి వాలిందని, వాలిందంటే మర వదులని, వదులని నాకు తెలుసని, మూడు ముక్కలు. చెప్పలేదు. పైగా ఏమన్నాడు? "కంగారు పడ్డావు. ఏం ఫరవాలేదు, మళ్లీ వెళ్దాం." కంగారు! సూది పట్టిన చెయ్యి ఏనాడూ వణకని మనిషిని కంగారు పడ్డావన్నాడు. ఆ రాత్రి ఆమె చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటుంటే అతను పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఎందుకు చేశాను, అని ఇప్పుడు అడుక్కుంటున్నాడు, అడుక్కోవాల్సి వచ్చింది, జిగురు ఆరే దాకా ఎటూ కదలడానికి లేదు. చెయ్యలేదు కదా, ఊరుకున్నాను అంతే కదా. అబ్బే, ఊరుకోవడం కూడా చెయ్యడమే, బ్రేకు మీద కాలు పెట్టకుండా ఊరుకున్న డ్రైవరుని ఎవడైనా వదులుతాడా? సోమవారం నుంచి ఆమెకి కొత్త పని, మంచం దిగలేని రోగుల్ని ఇళ్లకి వెళ్లి చూసే నర్సు, ఆసుపత్రే కారు ఇస్తుంది, లైసెన్సు చూపిస్తేనే. వార్డుల్లో కాళ్లు వాచిపోయేలా తిరిగి పదకొండేళ్లుగా ఆ పని కోసం చూస్తోంది, సోమవారానికి కాయితం లేకపోతే వెనక వరసలో ఇంకో నర్సు ఉంది. ఇవన్నీ అతనికి తెలుసు. తెలిసీ, లైసెన్సు వచ్చిందంటే సాయంత్రం ఆరింటికి పక్క సీటు ఖాళీ కదా అన్నది ఒక్కటే అతని బుర్రలో కూర్చుంది. ఆమె ఒక్కతే ఊరంతా తిరుగుతుంది, ఇతను కుర్చీలో. సిగ్గుగా ఉంది. నిజంగా, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియనంత సిగ్గుగా ఉంది. కాలు విరగాల్సిన మనిషి ఎవరితోనూ చెప్పకుండా మెట్ల మీద పడ్డానంది, ఇతను ఏ దెబ్బా తగలకుండా నోరు మూసుకున్నాడు.

ఎండ మెల్లగా వచ్చి గాజు మీద పడింది, హమ్మయ్య, కాస్త వేడెక్కుతుంది. గుమ్మంలో ఆమె, జుట్టు బిగించి ముడేసుకుని, చేతిలో టీ గ్లాసు.

"అయిందా అండీ?"

"ఆరాలి. పది నిమిషాలు."

గ్లాసు బానెట్ మీద పెట్టింది, గాజు మీది సబ్బు గీత చూసింది, అతని విరిగిన గోరు చూసింది. చెప్పు, ఇప్పుడు చెప్పు అని లోపల ఎవరో పొడుస్తున్నారు, ఇప్పుడు చెప్తే పరీక్షకి ముందు మనసు పాడవుతుంది కదా, తర్వాత చెప్దాం, తర్వాత అంటే ఎప్పుడు, నెగ్గితే చెప్పక్కర్లేదు, తప్పితే చెప్పలేడు. మళ్లీ రేపు. ఇదే ఆ రేపు. ఆమె లోపలికి వెళ్లిపోయింది, టీ చల్లారిపోయింది, పదీ నాలుగయింది. అద్దం తీసుకుని కాడని బిళ్ల మీదికి జార్చబోయాడు, ఒకసారి పక్కకి పోయింది, రెండోసారి గాజుకి తగిలి టంగుమంది, ఆ దిక్కుమాలిన కన్ను. మూసుకున్నాడు, రెండు కళ్లూ. ఎడమ చేతి వేలు బిళ్ల మీద పెట్టి, ఆ వేలి మీదుగా కాడ దించాడు, కూర్చుంది. కీ తిప్పాడు, పావు చుట్టు, ఇంకో పావు, ఇంక ఆగు. ఆగాడు. అరచేత్తో డ్యాష్‌బోర్డు మీద ఒక్కటి చరిచాడు, అద్దం బెదరలేదు. ఇంకొకటి చరిచాడు. తల వాల్చలేదు.

ఆమె వచ్చేసింది, కాయితాల సంచీ భుజాన, డ్రైవరు వైపు తలుపు తీసి నిలబడింది. అతను దిగలేదు. దిగితే మాట లోపలే ఉండిపోతుంది.

"పోయినసారి తప్పు నీది కాదు," అన్నాడు. "అద్దం వాలిపోయింది. మర వదులని నాకు తెలుసు. జిగురూ కీ కొని కూడా బిగించలేదు. రెండు రోజులు టైముండీ బిగించలేదు."

"తెలుసు," అంది ఆమె.

అతను తలెత్తాడు.

"అట్ట అరలోనే ఉంది కదండీ. పరీక్షనాడు కాయితాలు పెట్టేటప్పుడు చూశాను. అద్దం ఒళ్లోకి వాలగానే అర్థమైంది."

"మరి, నాకు రాదేమో అన్నావు?"

"అలా అంటే మీరు చెప్తారనుకున్నాను." ఆమె సంచీని ఇంకో భుజానికి మార్చుకుంది. "కంగారు పడ్డావన్నారు. ఆ తర్వాత మూడు వారాలు చూశాను, ఇవాళ చెప్తారు, రేపు చెప్తారు అని. ఇవాళ పొద్దున మీరు బిగించకపోతే నేనే బిగించుకుని వెళ్లేదాన్ని, మీరు లేకుండా, ట్యూషన్ మాస్టార్ని వెంటబెట్టుకుని."

అతను చేతిలోని కీని అరలో పెట్టేశాడు. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"నాకు చాలా కోపంగా ఉందండీ. ఇప్పుడు కాదు, పరీక్షయ్యాక మాట్లాడుకుందాం. దిగండి, టైమవుతోంది."

దిగి, అలవాటు కొద్దీ పక్క సీటు వైపు నడిచాడు, తలుపు మీద చెయ్యి వేశాడు.

"వెనక కూర్చోండి."

వెనక కూర్చున్నాడు. ఈ కారు కొన్నాక వెనక సీట్లో ఎప్పుడూ కూర్చోలేదు, మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముందు నుంచి ఆమె గొంతు, మెల్లగా, తనకి తనే. సీటు. జరుపుకుంది. బెల్టు. లాక్కుంది. అద్దం. రెండు వేళ్లతో అంచు పట్టుకుని కొంచెం తిప్పింది, ఎక్కడ వదిలిందో అక్కడే ఆగింది అద్దం, అందులో ఆమె కళ్లు, సూటిగా, అప్పుడెప్పుడో పుస్తకంలోంచి తలెత్తి చూసినట్టే, అతన్నే చూస్తున్నాయి. ఏమైనా అంటుందేమోనని కదలకుండా కూర్చున్నాడు.

"కాస్త పక్కకి జరగండి," అంది. "వెనక రోడ్డు కనిపించట్లేదు."

అతను జరిగాడు.